సుశ్రుతుడి కత్తిని దాచేసిన వాళ్ళకు

నొప్పి తగ్గిందా? అయితే ఇప్పుడే భయపడండి.

కాలు వాచి, చర్మం ఎర్రగా కాగిపోతూ, రెండు రాత్రులు ఇంటిల్లిపాదికీ నిద్ర లేకుండా అరిచిన మనిషి మూడో పొద్దున మంచంలో లేచి కూర్చుంటాడు. "పసరు పట్టింది, గుంజుడు తగ్గింది" అంటాడు. ఇంట్లోవాళ్ళు పసరు కట్టినవాడికి దండం పెడతారు, చేతిలో నోటు పెడతారు, పక్క తండాకు కబురు పంపుతారు. ఒక్కరంటే ఒక్కరు ఆ కాలిని గిల్లి చూడరు. గిల్లితే తెలిసిపోయేది, అక్కడ స్పర్శే లేదని. జబ్బు అలాగే ఉంది. నొప్పిని మోసే నరం చచ్చిపోయింది. మీరు దండం పెట్టింది ఆ చావుకు.

ఇంత కటువుగా ఎందుకు రాస్తున్నావని అడగబోతారు. మెత్తగా చెప్పినవాళ్ళ మాట ఎవరు విన్నారు కనుక? గోడ మీద అంటించిన ఆరోగ్య శాఖ కాగితాలు మెత్తగానే చెప్పాయి. వాటి మీదే పసరు వైద్యుడి ఫోన్ నంబరు రాసి పెట్టుకున్నారు మీరు.

ముందు ఆ జబ్బు ఒంట్లో ఏం చేస్తుందో వినండి. చర్మం కింద కొవ్వు, కొవ్వు కింద కండను చుట్టి ఉండే పలచటి పొర. మామూలు సెల్యులైటిస్ పైపైన, చర్మంలోనూ కొవ్వులోనూ నడుస్తుంది. సమయానికి సరైన యాంటిబయాటిక్ పడితే చాలావరకు లొంగుతుంది. సూక్ష్మజీవి ఆ లోపలి పొరను పట్టుకుందంటే మాత్రం లెక్క మారిపోతుంది. డాక్టర్లు దాన్ని నెక్రోటైజింగ్ ఫాసియైటిస్ అంటారు. ఆ పొర వెంబడి అది గంటల లెక్కన పాకుతుంది. పాకుతూ పాకుతూ చర్మానికి రక్తం తెచ్చే సన్నటి నాళాలను గడ్డకట్టించి మూసేస్తుంది. పైకి చూస్తే కాస్త ఎరుపు, కాస్త వాపు. లోపల జానెడు, మూరెడు మేర కండ పొర చచ్చిపోయి ఉంటుంది. గడ్డివాము అడుగున అంటుకున్న నిప్పు అది. పైన పొగ కనబడే సరికి లోపల బూడిదే.

రక్తమే చేరని చోటికి మందు ఎట్లా చేరుతుంది? నరంలోకి ఎక్కించిన ఖరీదైన యాంటిబయాటిక్‌కే అక్కడ దారి దొరకదు. చర్మం మీద కట్టిన ఆకు ముద్దకు దొరుకుతుందా? అందుకే ఈ జబ్బుకు ప్రపంచంలో ఎక్కడైనా మొదటి వైద్యం కత్తి. చచ్చిన కండను, పొరను, చర్మాన్ని బతికిన చోటు కనబడే దాకా కోసి తీసేయాలి. మర్నాడు మళ్ళీ విప్పి చూడాలి, ఇంకా చచ్చింది ఉంటే మళ్ళీ కోయాలి. దానికి తోడుగా యాంటిబయాటిక్‌లు, సెలైన్, రక్తపోటు నిలబెట్టే మందులు, షుగర్ అదుపు. ఇంత చేసినా నలుగురైదుగురిలో ఒకరు, ఒక్కోచోట అంతకన్నా ఎక్కువ మంది చనిపోతారు. కోయకుండా వదిలేస్తే దాదాపు ఎవరూ మిగలరు. 89 మంది రోగులను పరిశీలించిన సింగపూర్ వైద్యులు 2003లో ఒక సంగతి ప్రకటించారు. ఆసుపత్రికి వచ్చాక ఆపరేషన్ 24 గంటలకు మించి ఆలస్యమైతే చావు ముప్పు కొన్ని రెట్లు పెరుగుతుందని. ఆ 24 గంటలు ఆసుపత్రి గడప తొక్కాక లెక్కపెట్టినవి. మనం గడప తొక్కే ముందే మూడు రోజులు పసరుకు రాసిచ్చేస్తున్నాం.

కామారెడ్డి జిల్లాలోని మా పెద్ద కొడప్‌గల్ చుట్టూ నల్లరేగడి. సోయా, పత్తి, కంది. వానకాలం బురదలో చెప్పుల్లేని కాలు, దిగబడిన తుమ్మముల్లు, పత్తికట్టె గీరిన గాటు, పార అంచు తగిలిన బొటనవేలు. ఇవి ఎవరూ లెక్క చేయని దెబ్బలు. షుగర్ ముదిరిన కాలికి అదే దెబ్బ ప్రాణం మీదికి తెస్తుంది. ఆ పాదానికి ముల్లు దిగిన సంగతే తెలియదు. రక్తం సరిగా అందదు, రోగంతో పోరాడాల్సిన తెల్లకణాలు మందగిస్తాయి. బోదకాలు ఉన్నవాళ్ళు, తాగి తాగి కాలేయం చెడినవాళ్ళు, కిడ్నీ రోగులు అందరూ ఈ ముప్పు అంచున ఉన్నవాళ్ళే. అట్లాగని ఏ జబ్బూ లేని పాతికేళ్ళ కుర్రాడు తప్పించుకుంటాడనీ లేదు. చిన్న గీత గుండా గ్రూప్ ఏ స్ట్రెప్టోకాకస్ లోపలికి పోతే వాడి వయసును చూసి ఆగదు.

మొదలైన రోజు సాయంత్రం పసరు. రాత్రికి ఆర్ఎంపీ సూది. తెల్లారి ఎవరో "అది అక్కి" అంటే జాజు పూత. మర్నాడు ఇంకో ఊళ్ళో ఇంకో ఆకు. ఆ తర్వాత బాన్సువాడ, అక్కణ్ణుంచి నిజామాబాద్. కొందరు దెగ్లూర్ దాటి నాందేడ్ పోతారు, కొందరు సంగారెడ్డి మీదుగా హైదరాబాద్ పోతారు. 161వ నంబరు జాతీయ రహదారి మా మండలం మీదుగానే పోతుంది, రోడ్డుకు కొరత లేదు. 108కి ఫోన్ చేస్తే బండి వస్తుంది. బండి ఎక్కే సమయానికి ఆ కాలు నల్లబడి, నల్లటి నీటి బొబ్బలు లేచి, వేలితో నొక్కితే చర్మం కింద చిటపటమంటూ ఉంటుంది. అప్పుడు సర్జన్ మోకాలి పైన కోయాలంటే "ఇంగ్లీషు డాక్టర్లు కాలు తీసేసిండ్రు" అని ఊరంతా చాటుతారు. కాలు తీసింది ఆ సర్జన్ కాదు. ఆ కాలు మూడు రోజుల కింద మీ వాకిట్లోనే పోయింది.

ఇక్కడ మీరు నాతో జగడానికి వస్తారు. "మా నాయిన తొడ మీద సెగ్గడ్డ లేస్తే పసరు కట్టే ఆయన ఇచ్చిన ఆకుతోనే పగిలి మానింది, నువ్వేంది చెప్పేది?" అంటారు. మానే ఉంటుంది. సెగ్గడ్డ చాలాసార్లు దానంతటదే పండి, పగిలి, చీము పోయి మానుతుంది. ఆకు కట్టకపోయినా మానేదే. వాపుతో ఆ మనిషి దగ్గరికి పోయేవాళ్ళలో ఎక్కువమంది ఏం చేసినా, ఏం చేయకపోయినా బాగుపడేవాళ్ళు. వాళ్ళంతా బతికుండి ఆయన గొప్ప చెబుతారు. చెడిపోయినవాడు చెప్పడానికి రాడు. అతని పెండ్లాం చెప్పుకోదు, ఎందుకంటే పసరుకు తీసుకుపోయింది తనే అనే దిగులు ఆమె గొంతు నొక్కేస్తుంది. అట్లా ఒక మనిషి పేరు జిల్లా దాటి పాకుతుంది. మానేదాన్నీ చంపేదాన్నీ వేరు చేసి చూపలేని చేతికి మీరు మీ కాలు అప్పగిస్తున్నారు. ఆ రెంటినీ వేరు చేయడమే ఇక్కడ వైద్యం.

ఇప్పుడు ఆయుర్వేదం సంగతి. పసరు కట్టేవాళ్ళు, పొడులు అమ్మేవాళ్ళు, టీవీల్లో పొద్దున్నే కూర్చొని "మన ఋషులు" అని మొదలుపెట్టేవాళ్ళు, అందరూ నా మీదికి విసిరే మొదటి రాయి ఇదే. నేను ఆయుర్వేద ద్వేషినట, దేశద్రోహినట. మీలో ఎంతమంది సుశ్రుత సంహిత తెరిచి చూశారు? చేయెత్తండి.

సుశ్రుతుడు చచ్చిన కండను ఆకుతో కప్పమని చెప్పినవాడు కాదు. శస్త్రకర్మలు ఎనిమిది రకాలని విభజించాడు. కోసి తీసేయడం, చీల్చడం, గీకడం, గుచ్చడం, లోతు వెతకడం, లాగి తీయడం, చీము నెత్తురు పారించడం, కుట్టడం. యంత్రాలు 101, శస్త్రాలు 20 అని లెక్క చెప్పాడు. శిష్యుడు మనిషి మీద కత్తి పెట్టే ముందు గుమ్మడికాయల మీద, దోసకాయల మీద, తోలు సంచుల మీద చేయి తిప్పి నేర్చుకోవాలన్నాడు. శవాన్ని గడ్డిలో చుట్టి పారే నీళ్ళలో ఉంచి, ఏడు రాత్రుల తర్వాత పొర పొరగా విడదీసి చూడమన్నాడు. వ్రణానికి అరవై ఉపక్రమాలు చెప్పాడు. వాటిలో లేపనం ఉంది, నిజమే. ఆ వెనకే కోయడమూ ఉంది, చీల్చడమూ ఉంది. మీరు అరవైలోంచి ఒక్క లేపనం ఏరుకొని, కత్తిని అటక మీద దాచేసి, ఆయన బొమ్మ దుకాణం ముందు వేలాడదీశారు.

ఆయన సంహితలో సూత్రస్థానం 17వ అధ్యాయమంతా ఎప్పుడు కోయాలన్న దాని గురించే. వాపు పచ్చిదా, పండుతోందా, పండిందా అని ఎట్లా కనిపెట్టాలో అందులో ఉంది. పచ్చిదాన్ని తెలియక కోసేసినవాణ్ణీ పండినదాన్ని కోయకుండా వదిలేసినవాణ్ణీ ఒకే గాటన కట్టి, ఆ కాలపు కులగర్వం చేతికిచ్చిన అతి నీచమైన తిట్టు తిట్టాడు. ఆ తిట్టులోని కులాన్ని నేను ఉమ్మేస్తాను. ఆ కోపాన్ని మాత్రం నెత్తిన పెట్టుకుంటాను. కోయాల్సిన చోట కోయని వైద్యుడి మీద రెండువేల ఏళ్ళ నాటి ఆయుర్వేద ఆచార్యుడికి అంత కోపం వచ్చింది. అదే పని చేసినవాడికి మీరు శాలువా కప్పుతారు.

ప్రమేహం ఉన్నవాడికి లేచే కురుపులకు విడిగా అధ్యాయం రాశాడాయన. అవి కష్టసాధ్యమని హెచ్చరించాడు. షుగర్ పుండు మామూలు పుండు లాంటిది కాదని గ్లూకోమీటర్ లేని కాలంలో చెప్పాడు. చరకుణ్ణి తీసుకోండి. ఆయన మందుల ఆచార్యుడు, కత్తి ఆయన విద్య కాదు. శస్త్రం అవసరమైన చోటికి వచ్చేసరికి ఇక్కడ అధికారం ధాన్వంతరీయులదని, అంటే శస్త్రవైద్యులదని, పక్కకు జరిగాడు. వేరే డాక్టరుకు రాసి పంపడం చరకుడికి అవమానం అనిపించలేదు. పసరు కట్టే అన్నా, నీకెందుకు అనిపిస్తోంది? వైద్యుల వేషం వేసుకొని, మందుల కుండలు పేర్చుకొని తిరిగే మోసగాళ్ళ గురించి కూడా చరకుడు హెచ్చరించాడు. నువ్వు ఏ ఆచార్యుడి శిష్యుడివో చెప్పు, నాకు వినాలని ఉంది.

ఇంకో పేరు చెబుతాను. మన తెలుగువాడు, భీమవరంలో 1895లో పుట్టినవాడు, యల్లాప్రగడ సుబ్బారావు. స్ప్రూ అనే పేగుల జబ్బుతో చావు దాకా పోతే ఆచంట లక్ష్మీపతి ఆయుర్వేద చికిత్సతో తేరుకున్నాడని ఆయన జీవిత చరిత్రకారులు రాశారు. ఆ కృతజ్ఞతతోనే ఏమో, మద్రాసులో లక్ష్మీపతి గారి ఆయుర్వేద కళాశాలలో శరీర నిర్మాణ శాస్త్రం పాఠాలు చెప్పాడు. ఆయుర్వేద ఔషధాల మీద పరిశోధన చేయాలని తపించాడు. తర్వాత హార్వర్డ్ పోయాడు, లెడర్లీ ప్రయోగశాలకు పోయాడు. ఆయన నడిపించిన పరిశోధన బృందాల నుంచే 1948లో ఆరియోమైసిన్ వచ్చింది, టెట్రాసైక్లిన్ జాతి యాంటిబయాటిక్‌లలో మొదటిది. బోదకాలు పురుగును చంపే హెట్రజాన్ కూడా అక్కణ్ణుంచే వచ్చింది. ఏటా వానకాలం సెల్యులైటిస్‌తో ఎర్రబడి జ్వరం తెచ్చే ఆ బోదకాలుకే మందు.

ఆయుర్వేదం తన ప్రాణం నిలిపిందని నమ్మిన మనిషి చేసిన పని ఇది. నమ్మినదాన్ని కూడా పరీక్షకు పెట్టాలనుకున్నాడు. మట్టిలో సూక్ష్మజీవులను వెతికించాడు, గాజుగొట్టంలో చూపించాడు, లెక్కలు ముందు పెట్టాడు. ఆయన పేరు మీద జయంతులు చేసి దండలేస్తారు. పక్క గదిలోనే షుగర్‌కు ఇన్సులిన్ మానిపించే పొడి పంచుతారు. సుబ్బారావును పొగిడే నోటితో యాంటిబయాటిక్ విషమని చెబుతారు. ఒక్క నోట్లో రెండు నాలుకలు ఎట్లా పడతాయో నాకు అర్థం కాదు.

ఆ పొడి సంగతే పెద్దది. కాలు కుళ్ళడం ముల్లుతో మొదలు కాదు. "ఇన్సులిన్ అలవాటు పడితే వదలదు, మా పొడి మూడు నెలలు వాడు" అన్న రోజున మొదలవుతుంది. దేశంలో దీనికి చట్టం లేదనుకుంటున్నారా? 1954లోనే ఉంది. డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం. ఫలానా జబ్బులు నయం చేస్తామని ప్రకటన ఇవ్వడమే నేరమని అది అంటుంది, ఆ జబ్బులు ఏవో దాని షెడ్యూలు చెబుతుంది. ఆ జాబితాలో మధుమేహం ఉంది. గ్యాంగ్రీన్ ఉంది. రక్తం విషమవడం ఉంది. ధనుర్వాతం ఉంది. డెబ్బై ఏళ్ళు దాటిన ఆ చట్టం కింద మన మండలంలో ఎన్ని గోడరాతలు చెరిపారు, ఎన్ని కరపత్రాలు పట్టుకున్నారు? అడగండి. 2024లో పతంజలి లాంటి పెద్ద సంస్థే సుప్రీంకోర్టు గద్దించాక పత్రికల్లో క్షమాపణ అచ్చు వేయించుకోవాల్సి వచ్చింది. ఢిల్లీలో అంతటివాళ్ళు చేతులు కట్టుకున్నారు. మన బస్టాండు గోడ మీది "గ్యాంగ్రీన్‌కు గ్యారంటీ" మాత్రం చెక్కుచెదరదు.

మన ప్రభుత్వాలు ఏం చేస్తాయో 2021 మేలో చూశాం. నెల్లూరు జిల్లా కృష్ణపట్నంలో కరోనా మందు కోసం వేలమంది ఒకరి మీద ఒకరు పడ్డారు. కంటి చుక్కలు తప్ప మిగతావి ఇచ్చుకోవచ్చని చివరికి అనుమతి ఇచ్చారు. జబ్బు తగ్గుతుందన్న రుజువు దొరకలేదు, హాని కనబడలేదు కనుక ఇచ్చుకోండి, ఇదీ తర్కం. రుజువు అడిగినవాణ్ణి ఆ రోజు రాళ్ళతో కొట్టినంత పని చేశారు. రుజువు లేకపోయినా ఫరవాలేదని రాజ్యమే చెప్పాక పసరు కట్టేవాడు ఎందుకు ఆగుతాడు? వేదికలెక్కి మన వైద్యం మన సంస్కృతి అని గొంతు చించుకునే పెద్దమనుషుల ఇంట్లో ఎవరికైనా కాలు వాస్తే కారు ఏ దిక్కుకు తిరుగుతుందో మీకూ తెలుసు, నాకూ తెలుసు. హైదరాబాద్ దిక్కుకు. సంస్కృతి పేదవాడి కాలికి మాత్రమే కడతారు.

డాక్టర్లు, మీరు చప్పట్లు కొట్టకండి. మీ వంతు ఉంది.

ఊరి ఆర్ఎంపీ సంచిలో ఉన్నవి ఆకులు కావు, మీ మందులే. డెక్సామెథసోన్, డైక్లోఫెనాక్. వాచిన కాలు చూడగానే ఆ రెండు సూదులు పొడుస్తాడు. ఒకటి జ్వరాన్నీ వాపునూ కప్పేస్తుంది, షుగర్‌ను పైకి తోస్తుంది, ఒంటి పోరాటాన్ని అణిచేస్తుంది. రెండోది నొప్పిని కప్పేస్తుంది. నొప్పి ఈ జబ్బులో అన్నిటికన్నా విలువైన హెచ్చరిక. పైకి కనిపించే ఎరుపుకూ రోగి పడే బాధకూ పొంతన లేకపోవడమే డాక్టరు పట్టుకోవాల్సిన మొదటి గుర్తు. ఆ గుర్తును సూదితో తుడిచేసి పంపుతారు. పసరు పైన కప్పుతుంది, ఈ సూది లోపలి నుంచి కప్పుతుంది. ఆ ఆర్ఎంపీకి రోగిని పంపినందుకు కమీషన్ ఇచ్చేది పట్నంలోని మీ ఆసుపత్రులే కదా?

నేను చూశాను. తండా నుంచి తెచ్చిన ఒక ఆడమనిషిని, కాలి వాసనకు పక్కవాళ్ళు ముక్కు మూసుకుంటుంటే, ఒక ప్రైవేటు ఆసుపత్రి కౌంటర్ ముందు గంటలు గంటలు కూర్చోబెట్టారు. అడ్వాన్సు కట్టాలట. ఆమె కొడుకు చెవిపోగులు తాకట్టు పెట్టడానికి పోయాడు. ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబరులో 10 లక్షలకు పెంచారని గోడల మీద పెద్ద పెద్ద బొమ్మలతో రాశారు. ఆ కౌంటర్ దగ్గర ఆ బొమ్మ ఎవరికీ కనబడలేదు. అటువంటి కౌంటర్ ఒకసారి చూసి వచ్చినవాడు రెండోసారి పసరు దగ్గరికి పోతే తప్పు వాడిదేనా?

కామారెడ్డిలో 2023లో వైద్య కళాశాల పెట్టారు, మంచిదే. మరి మా జుక్కల్ నియోజకవర్గం వాళ్ళు ఒక్క ప్రశ్న అడగాలి. రాత్రి పదకొండు గంటలకు కుళ్ళుతున్న కాలితో మనిషి వస్తే కత్తి పట్టే సర్జన్, మత్తు డాక్టర్, రెండు సీసాల రక్తం, ఈ మూడూ ఒకే చోట మాకు అందరికన్నా దగ్గరగా ఎక్కడ దొరుకుతాయి? ఎమ్మెల్యే నోటి నుంచి ఆ ఊరి పేరు రావాలి. సీసీ రోడ్డు, కమ్యూనిటీ హాలు అడిగిన నోటితోనే ఇదీ అడగండి.

ఇంత తిట్టాను కనుక ఆయుర్వేదానికి ఈ జబ్బులో చోటే లేదంటానని అనుకోకండి. ఉంది. దాని చోటు ఎక్కడో నిజాయితీగా చెప్పేవాడు కావాలి. కత్తి తన పని చేశాక, ఒంట్లో విషం తగ్గాక, రోగి బతికాక, ఒక పెద్ద పచ్చిపుండు మిగులుతుంది. అది వారాల తరబడి, నెలల తరబడి మానాలి. అక్కడ సుశ్రుతుడి అరవై ఉపక్రమాల్లో రెండో సగం మొదలవుతుంది. తేనె సంగతే చూడండి. తేనె, నెయ్యి కలిపి పుండుకు వాడమని ఆయన చెప్పాడు. 2015లో కోక్రేన్ సమీక్ష ఏం తేల్చింది? ఆపరేషన్ తర్వాత చీము పట్టిన గాయాలు మామూలు యాంటిసెప్టిక్, గాజుగుడ్డల కన్నా తేనె కట్టుతో త్వరగా మానాయని తేల్చింది. అయితే పుండుకు వాడాల్సింది గామా కిరణాలతో శుద్ధి చేసిన వైద్య తేనె. చెట్టు మీది పట్టు పిండి తెచ్చిన తేనెలో క్లాస్ట్రీడియం బీజాలు ఉండొచ్చు. జలగలూ అంతే. 2004లో అమెరికా ఎఫ్‌డీఏ వాటికి అనుమతి ఇచ్చింది, అతికించిన అవయవంలో నిలిచిపోయిన రక్తాన్ని పీల్చడానికి. అదే జలగ కడుపులో ఏరోమోనాస్ అనే సూక్ష్మజీవి ఉంటుంది, అది కండకు చీము పట్టించగలదు. అందుకే జలగ పెట్టేటప్పుడు యాంటిబయాటిక్ కూడా ఇస్తారు. జాత్యాది తైలం, త్రిఫల కషాయంతో కడగడం, ఇవి మానుతున్న పుండుకు వాడేవి. వీటిని పరీక్షించండి, లెక్కలు రాయండి, పక్కన పోలిక పెట్టి చూపండి. ఎర్రగడ్డలో ప్రభుత్వ ఆయుర్వేద కళాశాల ఉంది, వరంగల్‌లో ఉంది. పుండ్లకు మన దేశంలో కొదవ లేదు.

శల్యతంత్రంలో ఎం.ఎస్. చదివిన ఆయుర్వేద వైద్యులు ఉన్నారు. 39 రకాల సాధారణ శస్త్రచికిత్సల శిక్షణ గురించి 2020 నవంబరులో గెజిట్ వస్తే డిసెంబరు 11న దేశమంతా అల్లోపతి డాక్టర్లు సమ్మె చేశారు. ఆ తగాదాలో ఎవరి శిక్షణ చాలు, ఎవరిది చాలదన్నది మత్తు గదిలో, ఐసీయూలో తేలాల్సిన సంగతి. కానీ చీము చూసి కత్తి తీసే ఆ ఆయుర్వేద శస్త్రవైద్యుడు సుశ్రుతుడి వారసుడు. చీము మీద ఆకు కప్పే నువ్వు కాదు.

పసుపు గుర్తుందా? పుండ్లు మాన్పడానికి పసుపు అంటూ అమెరికాలో 1995లో పేటెంట్ తీసుకుంటే మన సీఎస్ఐఆర్ పోరాడి 1997లో రద్దు చేయించింది. గర్వపడ్డాం. ఇప్పుడు జాతీయ పసుపు బోర్డు మన నిజామాబాద్‌కే వచ్చింది, 2025లో. ఆ పేటెంట్ కేసులో మనం గెలిచింది "ఇది మాకు ముందే తెలుసు" అని పాత పుస్తకాలు చూపించి. ఎంత పసుపు, ఏ పుండుకు, ఎన్ని రోజులు, ఎక్కడ పనికిరాదు అన్నది పాత పుస్తకం తేల్చదు, పరీక్ష తేలుస్తుంది. బోర్డు పసుపు ధరతో పాటు ఆ పనికీ డబ్బు పెట్టాలి. అప్పటిదాకా మార్కెట్ యార్డు నుంచి గుప్పెడు పసుపు తెచ్చి కుళ్ళుతున్న కాలికి పులమకండి. ఆ పసుపు కింద చర్మం ఏ రంగులో ఉందో డాక్టరుకు కూడా కనబడకుండా పోతుంది.

చర్మం రంగు ఎందుకంత ముఖ్యమో చెప్పి ఊరుకుంటాను. కాలో చెయ్యో ఎర్రబడి వాచితే ఇంట్లో పిల్లల పెన్ను తీసుకోండి. ఎరుపు అంచు వెంబడి గీత గీయండి, పక్కన టైము రాయండి. గంటా రెండు గంటల్లో ఎరుపు గీత దాటిందా? ఎరుపు లేని చోట కూడా చర్మం కట్టెలా గట్టిపడిందా? చూసిన దానికి పొంతన లేనంత నొప్పి ఉందా, లేక ఉన్న నొప్పి ఉన్నట్టుండి మొద్దుబారిందా? ఊదా రంగు, నల్లటి బొబ్బ, నొక్కితే చిటపట? మనిషి వణుకుతూ పొంతన లేకుండా మాట్లాడుతున్నాడా, ఒంటేలు తగ్గిందా? వీటిలో ఒక్కటి కనబడ్డా పసరు లేదు, ఆర్ఎంపీ లేదు, పొద్దున చూద్దాం లేదు. 108. సర్జన్ ఉన్న చోటికి. షుగర్ ఉన్న మనిషైతే గీత దాటే దాకా కూడా ఆగకండి.

పసరు కట్టే అన్నా, చివరి మాట నీతోనే. నీ ఆకు మీద నీకంత నమ్మకం ఉంటే ఒక నోటు పుస్తకం కొను. వచ్చిన ప్రతి వాపు కాలికీ ఒక పేజీ. తేదీ, టైము, షుగర్ ఎంత, జ్వరం ఎంత, ఎరుపు ఎన్ని వేళ్ళ వెడల్పు, ఏ ఆకు కట్టావు, మర్నాడు ఎట్లా ఉంది, వారానికి ఆ మనిషి ఎక్కడ ఉన్నాడు. మానినవాళ్ళ పేజీలతో పాటు చచ్చినవాళ్ళ పేజీలు కూడా ఉంచు, చింపకు. ప్రతి పేజీ కింద "ఈ కాలు పోతే బాధ్యత నాది" అని రాసి సంతకం పెట్టు. మండల ఆఫీసు ముందు టేబుల్ వేసి నేను కూర్చుంటాను, ఆ పుస్తకం పట్టుకొని రా.